పడవ వేళను బట్టే విమానం టికెట్: హేవ్‌లాక్ ప్రయాణంపై పాఠకుల సందేహాలు

అండమాన్ ప్రయాణం గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే చిన్న ద్వీపం చుట్టూ తిరుగుతున్నాయి. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా, సముద్రంలో సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న హేవ్‌లాక్‌కు 2018 డిసెంబరు 30న స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. అయితే ఉత్తరాలు రాసినవారందరూ పాత పేర్లే వాడారు, పడవల వాళ్లు కూడా మాటల్లో ఇంకా హేవ్‌లాక్ అనే అంటున్నారు కాబట్టి, సౌలభ్యం కోసం ఇక్కడ నేనూ ఆ పేర్లే వాడుతున్నాను. టికెట్లు వెతికేటప్పుడు మాత్రం రెండు పేర్లతోనూ వెతకండి. ఒక పేరుతో కనపడనిది రెండో పేరుతో కనపడవచ్చు.

ప్రశ్న: డిసెంబరు చివరి వారంలో భార్యాభర్తలం, ఇద్దరు పిల్లలం కలిసి హేవ్‌లాక్ వెళ్లాలనుకుంటున్నాం. మా విమానం మధ్యాహ్నం 1.15కు పోర్ట్ బ్లెయిర్‌లో దిగుతుంది. అదే రోజు రాత్రి నుంచి హేవ్‌లాక్‌లో రిసార్టు బుక్ చేశాం. నాలుగు రాత్రుల తర్వాత ఉదయం 9.30కు పోర్ట్ బ్లెయిర్ నుంచి తిరుగు విమానం. పడవ సంగతి తాను చూసుకుంటానని ట్రావెల్ ఏజెంటు అంటున్నాడు. విమానం టికెట్లు కొనేశాం. ఏమైనా ఇబ్బంది ఉంటుందా? (ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: ఇబ్బంది వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి ఉంది. రెండోది మొదటిదానికన్నా పెద్దది.

ముందుగా వెళ్లే రోజు సంగతి చూద్దాం. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ వెళ్లే ప్రైవేటు పడవలలో ఆఖరివి సాధారణంగా మధ్యాహ్నం రెండు, రెండున్నర ప్రాంతంలో బయలుదేరుతాయి. విమానం 1.15కు నేలను తాకినా, పిల్లలతో దిగి, సామాను అందుకుని, బయట టాక్సీ ఎక్కేసరికి రెండు అవుతుంది. విమానాశ్రయం నుంచి రేవు ఐదారు కిలోమీటర్లే అయినా, బయలుదేరే సమయానికి గంట ముందుగా జెట్టీలో ఉండమని పడవల వాళ్లు అడుగుతారు. అక్కడ గుర్తింపు కార్డుల తనిఖీ, సామాను స్కానింగు, పెద్ద పెట్టెలకు చీటీలు కట్టి అప్పగించడం వంటి పనులుంటాయి. ఇది దాదాపు విమానం ఎక్కడం లాంటి తంతే తప్ప, గోదావరి రేవులో లాంచీ ఎక్కడం లాంటిది కాదు. ఇవన్నీ కలిపి చూస్తే, పడవ బయలుదేరే వేళకు కనీసం మూడు గంటల ముందు విమానం దిగేటట్లు ఉండాలన్నది నేను పాటించే లెక్క. మధ్యాహ్నం రెండింటికి బయలుదేరే పడవ పట్టుకోవాలంటే ఉదయం పదకొండుకు దిగాలి. విమానం అరగంట ఆలస్యం కావడం ఎంత సహజమో మీకు తెలుసు కాబట్టి, పది, పదిన్నరకు దిగే విమానమైతే ఇంకా మంచిది.

మూడు గంటలకో నాలుగు గంటలకో ఇంకో పడవ వేయవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. దీనికి కారణం సూర్యుడు. మన దేశమంతటికీ గడియారం నడిపే 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడకు కాస్త తూర్పుగా సముద్రం మీదుగా పోతుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి ఇంకా పది డిగ్రీలు తూర్పున ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, అక్కడి సూర్యుడు గడియారం కన్నా సుమారు నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. హైదరాబాద్‌తో పోలిస్తే తేడా గంటకు దగ్గరగా ఉంటుంది. డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే సూర్యాస్తమయం అయిపోతుంది. చీకటి పడ్డాక పర్యాటకుల పడవలు రేవు విడవవు. మన చేతి గడియారంలో మూడు అయితే అక్కడి సముద్రానికి అప్పటికే సాయంత్రం మొదలైనట్టు లెక్క. అందుకే అండమాన్‌లో పనులన్నీ తెల్లవారుజామున మొదలై తొందరగా ముగుస్తాయి, పడవల వేళలు కూడా దానికి తగినట్టే ఉంటాయి.

ఇక తిరుగు ప్రయాణం. ఉదయం 9.30 విమానానికి ఎనిమిది లోపే విమానాశ్రయంలో ఉండాలి. హేవ్‌లాక్ నుంచి ఆ వేళకు మిమ్మల్ని చేర్చే పడవ లేదు. పడవలలో ఎక్కువ భాగం రాత్రిపూట పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటాయి. అవి ఉదయం అక్కడ జనాన్ని ఎక్కించుకుని హేవ్‌లాక్ చేరి, అక్కడివారిని ఎక్కించుకుని వెనక్కి మళ్లుతాయి. కాబట్టి హేవ్‌లాక్‌లో ఉదయపు పడవ అంటే తొమ్మిదో, పదో అని అర్థం చేసుకోవాలి. మీరు నాలుగో రాత్రి హేవ్‌లాక్‌లో పడుకుంటే విమానం అందదు. ఈ విషయంలో మధ్యే మార్గం ఏదీ లేదు.

విమానం టికెట్లు కొనేశారు కాబట్టి, వాటిని అలాగే ఉంచి రాత్రులను మార్చుకోండి. మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో, తర్వాతి రెండు రాత్రులు హేవ్‌లాక్‌లో, ఆఖరి రాత్రి మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌లో గడపాలి. మొదటి రోజు మధ్యాహ్నం దిగి, భోజనం చేసి, సెల్యులార్ జైలు చూడడానికి వేళ సరిపోతుంది. మర్నాడు ఉదయపు పడవకు హేవ్‌లాక్ వెళితే పగలంతా మీదే. విమానానికి ముందు రోజు మధ్యాహ్నం తర్వాతి పడవకు తిరిగి వచ్చినా సరిపోతుంది. రిసార్టు వాళ్లకు ఈ రోజే రాయండి. డిసెంబరు చివరి వారంలో తేదీల మార్పుకు వాళ్లు ఎంతవరకు ఒప్పుకుంటారన్నది మీరు ఎంత ముందుగా అడిగారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఏజెంటు మాట మీద ఒక సంగతి చెప్పాలి. "పడవ మేం చూసుకుంటాం" అన్నది హామీ కాదు. పడవ పేరు, బయలుదేరే వేళ, ఏ జెట్టీ నుంచి, మీ నలుగురి పేర్లతో ఉన్న టికెట్టు, ఈ నాలుగూ చేతికి వచ్చాకే మిగిలిన డబ్బు కట్టండి. డిసెంబరు చివరి వారంలో పడవల సీట్లు విమానం సీట్ల కన్నా ముందే అయిపోతాయి. విమానం టికెట్టు కొనే ముందే ఆ తేదీల్లో పడవ వేళలు తెలుసుకుని, వాటికి తగ్గ విమానం ఎంచుకుని, రెండు టికెట్లూ ఒకే రోజు కొని, ఆ తర్వాతే రిసార్టు ఖాయం చేసుకోవడం ఈ ద్వీపానికి సరైన వరుస. మనలో చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా, ఫొటోలో నచ్చిన రిసార్టుతో మొదలుపెడతాం.

ఇంకో చిన్న మాట. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానం కాకుండా చెన్నైలోనో, కోల్‌కతాలోనో మారవలసి వస్తే, రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండేటట్లు చూసుకోండి. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు రెండో సంస్థకు మీ పట్ల బాధ్యత ఉండదు. పోయేది ఆ విమానం ఒక్కటే కాదు, దాని వెనక ఉన్న పడవ, పడవ వెనక ఉన్న గది కూడా.

ప్రశ్న: ప్రభుత్వ పడవ ఛార్జీ ప్రైవేటు పడవ ఛార్జీలో చాలా తక్కువ వంతు అని విన్నాను. మేము ఆరుగురం. ప్రభుత్వ పడవకే వెళ్లడం మంచిదా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: తేడా నిజమే. ప్రభుత్వ పడవకు మనిషికి వందల్లో అయితే, మక్రూజ్, నాటికా, గ్రీన్ ఓషన్ వంటి ప్రైవేటు పడవలకు తరగతిని బట్టి వేయి రూపాయలు దాటి రెండు వేల పైన కూడా పడుతుంది. ఆరుగురికి రానుపోను లెక్క వేస్తే చిన్న మొత్తం కాదు. అయినా పర్యాటకులుగా వెళ్లేవారికి నా సలహా ప్రైవేటు పడవే.

ప్రభుత్వ పడవలు ముందుగా ద్వీపవాసుల కోసం ఉన్నవి. ఆసుపత్రికి, కాలేజీకి, కచేరీ పనికి, కూరగాయల బుట్టలతో బజారుకు వెళ్లేవారు వాటి మీదే ఆధారపడతారు. టికెట్లు ప్రయాణానికి కొద్ది రోజుల ముందు మాత్రమే ఇస్తారు. కౌంటరు దగ్గర వరుసలో నిలబడాల్సి రావచ్చు. సీజనులో అయిపోతే చేసేదేమీ లేదు. హైదరాబాద్‌లోనో రాజమహేంద్రవరంలోనో కూర్చుని, నెల ముందు గది ఖాయం చేసుకున్న కుటుంబం ఆ అనిశ్చితి మీద ఆధారపడలేదు. పైగా మనం ఎక్కిన ప్రతి సీటు, ఆ రోజు పని మీద వెళ్లవలసిన ఒకరికి లేకుండా పోయిన సీటు కావచ్చు. ఒంటరిగా, తేదీల పట్టింపు లేకుండా తిరిగేవారికి మాత్రం ప్రభుత్వ పడవ ప్రయాణం బాగుంటుంది: నెమ్మదిగా పోతుంది, పైన గాలి తగులుతుంది, పక్కన కూర్చున్నవారు ద్వీపం కబుర్లు చెబుతారు. ఆ పక్కవారు తెలుగువారే అయినా ఆశ్చర్యం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో వందకు సుమారు 13 మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు నుంచి, చేపల వేటకు వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

ప్రైవేటు పడవలలో తేడాలు ముఖ్యంగా రెండు. మొదటిది వేగం: కొన్ని గంటన్నరలో చేరుస్తాయి, కొన్నిటికి రెండు గంటల పైన పడుతుంది. రెండోది, వేగంగా పోయేవాటిలో ఎక్కువ భాగం అద్దాలు బిగించిన ఏసీ హాళ్లు. దారిలో బయటకు వచ్చి నిలబడే వీలుండదు. గ్రీన్ ఓషన్ పడవలలో పైన తెరిచిన డెక్కు ఉంటుంది, సముద్రాన్ని చూస్తూ పోవాలనుకునేవారు దానిని ఎంచుకుంటారు. టికెట్టు తీసుకునేటప్పుడు ప్రతి ఒక్కరి పేరూ గుర్తింపు కార్డులో ఉన్నట్టే రాయండి. ప్రయాణం రోజున అసలు కార్డు దగ్గర ఉంచుకోండి. సామాను బరువుకు పరిమితి ఉంటుంది, అది సంస్థను బట్టి మారుతుంది. విమానంలో అనుమతించారు కదా అని పడవలో అడగరని అనుకోవద్దు.

జెట్టీ పేరు తప్పక చూసుకోవాలి. పోర్ట్ బ్లెయిర్‌లో పడవలు ఫీనిక్స్ బే నుంచీ పోతాయి, హడ్డో నుంచీ పోతాయి. ఏ సంస్థ ఎక్కడి నుంచి అన్నది అప్పుడప్పుడు మారుతుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు "జెట్టీకి పోనివ్వు" అని మాత్రమే ఆటోవాలాతో చెప్పాను. అతను తనకు తెలిసిన జెట్టీకి తీసుకెళ్లాడు. నా పడవ రెండోదానిలో ఉంది. తప్పు నాదే, టికెట్టు మీద పేరు స్పష్టంగా రాసి ఉంది. గేటు మూసే సమయానికి ఆయాసపడుతూ చేరుకున్నాను. టికెట్టును కాగితం మీద ముద్రించి పెట్టుకోవడం కూడా అప్పటి నుంచే అలవాటైంది. చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసిన కేబులు 2020 ఆగస్టులో ప్రారంభమయ్యాక ద్వీపాలలో ఇంటర్నెట్ చాలా మెరుగుపడింది గానీ, సరిగ్గా జెట్టీ గేటు దగ్గరే ఫోను తెరుచుకోకపోవడం ఇప్పటికీ ఉన్నదే.

ప్రశ్న: పడవ అంటే భయం. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు హెలికాప్టర్ ఉందని చదివాను. మాకు దొరుకుతుందా? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: హెలికాప్టర్ సేవ ప్రధానంగా ద్వీపవాసులకు, అందులోనూ రోగులకు, అత్యవసర పనుల మీద వెళ్లే అధికారులకు ఉద్దేశించినది. వారందరికీ ఇచ్చాక సీట్లు మిగిలితేనే ఇతరులకు. వెంట తీసుకెళ్లనిచ్చే సామాను కూడా నాలుగైదు కిలోలకు మించదు. దానిని నమ్ముకుని గది బుక్ చేయవద్దు. పడవ అంటే భయం మాత్రమే అయితే కింది జవాబు చదవండి.

ప్రశ్న: మా అత్తగారికి 72 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, రక్తపోటు ఉన్నాయి. ఘాట్ రోడ్డు మీద బస్సులో కూడా ఆవిడకు వాంతులవుతాయి. అయినా మాతో హేవ్‌లాక్ వస్తానంటున్నారు. తీసుకెళ్లవచ్చా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: ఆవిడకు రావాలని ఉంది కాబట్టి తప్పకుండా తీసుకెళ్లండి. అయితే ప్రయాణం మొత్తాన్ని మీ వేగంతో కాకుండా ఆవిడ వేగంతో లెక్క వేయాలి.

ఆవిడ విషయంలో నెల ఎంచుకోవడమే సగం పని. జనవరి రెండో వారం నుంచి ఏప్రిల్ దాకా అక్కడి సముద్రం సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం కనుక, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా అల ఎత్తుగా ఉండవచ్చు. పెద్దవారితో వెళ్లేవారు ఫిబ్రవరి, మార్చి నెలలు చూసుకోవాలి. వేళలలో ఉదయం పడవ మేలు. మధ్యాహ్నానికి గాలి పెరగడం అక్కడ మామూలు.

పడవలో ఊపు ముందు భాగంలో ఎక్కువగా, మధ్య నుంచి వెనక వరకు తక్కువగా తెలుస్తుంది. పై అంతస్తులో కన్నా కింది అంతస్తులో తక్కువ. సీటు ఎంచుకునే వీలుంటే కింది హాలులో, మధ్య వరుసల వెనక, నడవ పక్కన తీసుకోండి. ఖరీదైన తరగతి తరచుగా పై అంతస్తులో ఉంటుంది. వాంతుల భయం ఉన్నవారికి ఎక్కువ డబ్బు పెట్టి ఎక్కువ ఊపు కొనుక్కున్నట్టవుతుంది. ఖాళీ కడుపుతో ఎక్కించవద్దు, కడుపు నిండా పెట్టి కూడా ఎక్కించవద్దు. బయలుదేరడానికి గంటన్నర ముందు రెండు ఇడ్లీలు చాలు. వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు పడవ కదలడానికి అరగంట, గంట ముందు వేసుకుంటేనే పనిచేస్తాయి. వికారం మొదలయ్యాక వేసుకుని ప్రయోజనం లేదు. ఆవిడకు రక్తపోటు ఉంది, బహుశా రోజూ వేసుకునే మందులూ ఉంటాయి కాబట్టి, ఏ మాత్ర, ఎంత మోతాదు అన్నది మీ డాక్టరును అడిగే నిర్ణయించండి. వీటిలో కొన్ని మగత తెప్పిస్తాయి; దిగే సమయానికి ఆవిడ పక్కన ఒకరు తప్పక ఉండాలి.

మోకాళ్లకు నిజమైన పరీక్ష సముద్రంలో కాదు, ఎక్కే చోట, దిగే చోట. పడవకూ జెట్టీకీ మధ్య వేసే పలక ఆటుపోట్లను బట్టి ఒక్కో వేళ చదునుగా, ఒక్కో వేళ నిటారుగా ఉంటుంది. సిబ్బంది చేయి అందించి దించుతారు, ముందుగా చెబితే చక్రాల కుర్చీ విషయంలోనూ సాయం చేస్తారు. గుంపు అంతా దిగాక చివరన దిగడం అన్నిటికన్నా సులువైన ఉపాయం. హేవ్‌లాక్ జెట్టీ మీద కూడా కొంత నడక ఉంటుంది. మీ రిసార్టు వాళ్లు కారు పంపేటట్లయితే అది ఎంత దగ్గరికి రాగలదో ఫోనులో అడిగి ఉంచుకోండి. హేవ్‌లాక్‌లో ఉన్నది చిన్న ఆరోగ్య కేంద్రం. పెద్ద వైద్యం కావాలంటే పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికే రావాలి. అందువల్ల ఆవిడ మందులు రెండు రోజులకు అదనంగా, పెట్టెలో కాకుండా మీ చేతిసంచిలో ఉంచండి. పెట్టెలు పడవలో వేరే చోట పెడతారు.

ప్రశ్న: హేవ్‌లాక్‌తో పాటు నీల్ ద్వీపం కూడా చూడాలి. ఒక్కోదానికి పోర్ట్ బ్లెయిర్ నుంచి విడివిడిగా వెళ్లి రావాలా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: అవసరం లేదు. ఇప్పుడు షహీద్ ద్వీప్ అని పిలిచే నీల్ నుంచి హేవ్‌లాక్‌కు పడవలు ఉన్నాయి, సుమారు గంట లోపు ప్రయాణం. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్, అక్కడి నుంచి నీల్, నీల్ నుంచి పోర్ట్ బ్లెయిర్ అని ముక్కోణంగా మూడు టికెట్లు తీసుకోండి. రెండుసార్లు వెళ్లి వస్తే నాలుగు పడవలు, ఇలా అయితే మూడే. హేవ్‌లాక్, నీల్ మధ్య పడవలు తక్కువ కాబట్టి మూడింటిలో ముందుగా ఆ టికెట్టు ఖాయం చేసుకుని, మిగిలిన రెండింటినీ దానికి తగినట్టు అమర్చుకోండి.

ప్రశ్న: జూలైలో టికెట్లు, గదులు సగానికి సగం తక్కువకే వస్తున్నాయి. మేము నలుగురు స్నేహితులం. వాన మాకు ఇష్టమే. వెళ్లవచ్చా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: వాన ఇష్టమైతే సరే, కానీ మీ ప్రశ్న వాన గురించి కాకుండా గాలి గురించి ఉండవలసింది. నైరుతి రుతుపవనాలు కేరళను తాకే జూన్ 1కి పది రోజుల ముందే అండమాన్ చేరుకుంటాయి. పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది, అంటే మీ కరీంనగర్ వానకు మూడింతలు. తడవడంతో ఇబ్బంది లేదు. గాలి పెరిగి, సముద్రం అల్లకల్లోలంగా ఉందని రేవు అధికారులు హెచ్చరిక ఇస్తే పడవలు ఆగిపోతాయి. కొన్ని గంటలు ఆగవచ్చు, రెండు మూడు రోజులూ ఆగవచ్చు. హెచ్చరిక ఉన్న రోజున ఎవరి పలుకుబడీ పనిచేయదు, పనిచేయకూడదు కూడా.

ఇది వానాకాలానికే పరిమితమైన సంగతీ కాదు. 2016 డిసెంబరు మొదటి వారంలో, సీజను జోరుగా ఉన్న రోజులలో, తర్వాత వార్దా తుపానుగా మారి చెన్నైని దెబ్బతీసిన వాయుగుండం అండమాన్ మీదుగా పోయినప్పుడు, వేయిమందికి పైగా పర్యాటకులు హేవ్‌లాక్, నీల్ ద్వీపాలలో చిక్కుకుపోయారు. పడవలు రోజుల తరబడి ఆగిపోయాయి; చివరికి నౌకాదళం ఓడలు పంపి వారిని పోర్ట్ బ్లెయిర్ చేర్చింది. ఆ గుంపులో ఎందరి విమానాలు తప్పిపోయి ఉంటాయో ఊహించుకోవచ్చు.

జూలైలో వెళ్లదలిస్తే, ఆఖరి రాత్రి ఒక్కటే కాక ఆఖరి రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేటట్లు పెట్టుకోండి. విమానం టికెట్టు తేదీ మార్చుకునే రకం కొనండి. ఆ అదనపు డబ్బు జూలై గది చౌకలో మిగిలిన దాంట్లోంచే వస్తుంది. తిరిగి రాగానే సోమవారం ఆఫీసులో కనపడి తీరాలి అన్న ఉద్యోగం మీలో ఒక్కరికి ఉన్నా, జూలై వద్దు. వాతావరణం వల్ల పడవ రద్దయితే డబ్బు తిరిగి వస్తుంది, కానీ దాని వల్ల పోయిన విమానానికి పడవ సంస్థ ఏమీ ఇవ్వదు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉద్యోగిని. విశాఖ నుంచి ఓడలో అండమాన్ వెళ్లాలని చిన్నప్పటి కోరిక. ఓడ నేరుగా హేవ్‌లాక్ వెళుతుందా? స్వరాజ్ ద్వీప్ అనే ఓడ ఉందని తెలిసి అడుగుతున్నాను. (ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం)

జవాబు: పేర్ల వల్ల వచ్చిన చిక్కు ఇది. ఎం.వి. స్వరాజ్ ద్వీప్ అన్నది ప్రధాన భూభాగానికీ పోర్ట్ బ్లెయిర్‌కూ మధ్య నడపడానికి కట్టిన ఓడ పేరు. దానిని కట్టింది మీ ఊరి హిందుస్థాన్ షిప్‌యార్డులోనే. హేవ్‌లాక్‌కు ఆ పేరు పెట్టింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. ఏ ఓడ ఎక్కినా మీరు పోర్ట్ బ్లెయిర్‌లో హడ్డో రేవులోనే దిగాలి. అక్కడి నుంచి అందరిలాగే పడవ.

విశాఖ నుంచి దూరం ఇంచుమించు 1,200 కిలోమీటర్లు, ప్రయాణం రెండున్నర రోజులు. చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడలు ఎక్కువ. విశాఖ నుంచి తక్కువ, దాదాపు నెలకొకటి అనుకోవచ్చు, అది కూడా మరమ్మతులను బట్టి మారుతుంది. బంకు తరగతిలో బారులు తీరిన పడకలు, ఆ పైన ఇద్దరికో నలుగురికో కేబిన్లు ఉంటాయి. మీ వయసుకు కేబినే తీసుకోండి. భోజనం ఓడలోనే దొరుకుతుంది. రుచి గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకుండా, మూడు రోజులకు ఆగే చిరుతిళ్లు, ఒక సీసాలో ఆవకాయ వెంట ఉంచుకోండి.

ఓడ వేళల పట్టిక ప్రయాణానికి కొద్ది వారాల ముందే వెలువడుతుంది. బయలుదేరే రోజు కూడా ఒకటి రెండు రోజులు జరగవచ్చు. కాబట్టి ఓడ దిగిన రోజునే హేవ్‌లాక్ పడవకు టికెట్టు కొనవద్దు, మధ్యలో ఒక పూర్తి రోజు వదలండి. తిరుగు ప్రయాణం కూడా ఓడలోనే అంటే, మీకు తోచినప్పుడు కాక ఓడ మళ్లీ విశాఖకు బయలుదేరేటప్పుడే రావలసి ఉంటుంది. వెళ్లేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం అన్నదే మీకు తగిన మార్గమని నా అభిప్రాయం. మూడో రోజున దూరంగా పచ్చటి గీతలా ద్వీపాలు కనపడటం మొదలయ్యే వేళకు డెక్కు మీద ఉండండి. విమానంలో వెళ్లిన వారెవరికీ ఆ దృశ్యం దక్కదు.

ప్రశ్న: హేవ్‌లాక్‌లో దిగాక తిరగడం ఎలా? కొత్తగా పెళ్లయిన వాళ్లం, స్కూటరు అద్దెకు దొరుకుతుందని విన్నాం. (ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: దొరుకుతుంది. జెట్టీ దగ్గర, గోవిందనగర్ బజారులో స్కూటర్లు రోజు అద్దెకు ఇస్తారు. డ్రైవింగ్ లైసెన్సు అసలుది ఉండాలి. రోడ్లు రెండే కాబట్టి దారి తప్పడానికి వీలులేదు: ఒకటి తూర్పు తీరం వెంట గోవిందనగర్, విజయనగర్ మీదుగా కాలాపత్థర్ దాకా, రెండోది అడవిలోంచి పడమటి తీరాన ఉన్న రాధానగర్ బీచికి. ఎక్కువ రిసార్టులు మొదటి రోడ్డు మీద ఉన్నాయి. రాధానగర్ జెట్టీ నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు. సూర్యాస్తమయం చూడటానికి అందరూ అక్కడికే పోతారు. చలికాలంలో నాలుగుకల్లా అక్కడ ఉండండి. ఐదు దాటాక తిరుగు దారి అడవిలో చిమ్మచీకటిగా ఉంటుంది, రోడ్డు మీద ఆవులు పడుకుంటాయి. స్కూటరు నడపడంలో ఇద్దరిలో ఒక్కరికైనా బాగా చేయి తిరిగి ఉండకపోతే ఆ ఒక్క సాయంత్రానికి ఆటో మాట్లాడుకోండి, రానుపోను, వెయిటింగుతో కలిపి ముందే ధర అడిగి. ఎలిఫెంట్ బీచికి బండి దారి లేదు. జెట్టీ నుంచి చిన్న పడవలో పోవాలి, లేదా అడవిలో నడవాలి. సముద్రం బాగా లేని రోజున ఆ పడవలు కూడా ఆపేస్తారు కనుక, దానిని ఆఖరి రోజుకు అట్టిపెట్టుకోవద్దు.

తిరిగి వచ్చే రోజు ఉదయపు పడవ అయితే, ఆటోవాలాతో ముందు రాత్రే మాట్లాడి, అతని నంబరు తీసుకుని ఉంచండి. పడవ వేళకు ద్వీపంలో ఉన్న ఆటోలన్నీ ఒకేసారి జెట్టీ వైపు పరుగెడతాయి. అప్పుడు రోడ్డు మీద నిలబడి చేయి ఊపితే ఖాళీగా ఆగేది దొరకదు.